ఏ రంగో చెప్పు చూద్దాం

పోయిన వారం కోడలిని దుకాణం గుమ్మంలో, చేతిలో నల్ల కోటుతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఆమెను లోపలికి తీసుకువచ్చే ముందు, గుర్తు లేనివారి కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం.

ఈ కుట్టు దుకాణంలో ఒక పద్ధతి ఉంది. దీపం కింద ఎవరూ రంగు తేల్చరు. బట్ట అయినా, దారమైనా, గుండీ అయినా పొద్దున పూట గుమ్మం దాకా తెచ్చి, తలుపు బార్లా తీసి, పగటి వెలుగులో చూసిన తర్వాతే అవునని గానీ కాదని గానీ అంటారు. ఆ పద్ధతి పెట్టింది అత్తగారు. దుకాణమూ ఆవిడదే, పేరూ ఆవిడదే. కోడలు పెళ్లయి వచ్చాక ఆవిడ దగ్గరే సూది పట్టడం నేర్చుకుంది. ఇంట్లో మూడో మనిషి, అంటే ఆవిడ కొడుకు, ఈమె మొగుడు, లారీలు తోలుతాడు. అతనికి సూదీ దబ్బనమూ ఒకటే కనుక అతన్ని ఈ కథలోకి లాగడం లేదు.

ఆ నల్ల కోటు ఒక నాటకం కోసం కుట్టింది. ఆఖరి రంగంలో నాయిక ఆ కోటు విప్పి, లోపలి వైపు బయటికి వచ్చేలా కుర్చీ మీద పడేస్తుంది. రంగస్థలం మీద మిగతా దీపాలన్నీ ఆరిపోయి, ఒక్క దీపం ఆ కోటు మీదే వెలుగుతుంది. అందుకని కోటు పైకి ఎంత బాగుంటుందో లోపల అస్తరు వైపు కూడా అంత బాగుండాలని దర్శకుడు పట్టుబట్టాడు. కుడివైపు అస్తరు కోడలు కుట్టింది. ఎడమవైపు అత్తగారు కుట్టారు. ఈ పొద్దున గుమ్మం దగ్గర వెలుగులో పట్టి చూస్తే కుడివైపు దారం నలుపు, ఎడమవైపు దారం నీలం.

నీలమంటే ఆకాశంలాంటి నీలం కాదు. నలుపు పక్కన పెడితే తప్ప పట్టుబడని చిక్కటి నీలం. కానీ రంగుల విషయంలో వీధి వీధినంతా ఏడిపించిన మనిషి అత్తగారు. నలుపులో ఎన్ని నలుపులున్నాయో గంటసేపు చెప్పగల మనిషి. అలాంటి మనిషి చేతిలోంచి ఈ పొరపాటు జారిందంటే కోడలు నమ్మలేదు. పొరపాటు కాదు, కావాలనే చేశారని ఆమెకు తోచింది. అక్కడే ఆమెకు ఒళ్లు మండింది.

ఎందుకంటే, కొన్నేళ్లుగా అత్తగారికి ఒక అలవాటు పట్టుకుంది. పనిలో ఉండగా ఏ దారపు రీలో, ఏ గుడ్డముక్కో పైకెత్తి పట్టుకుని, “అమ్మాయ్, ఇది ఏ రంగో చెప్పు చూద్దాం” అంటారు. చిన్నపిల్లకు బొమ్మల పుస్తకం చూపించి అడిగినట్టు అడుగుతారు. కొత్తలో కోడలు ఉత్సాహంగా చెప్పేది. తర్వాత తర్వాత పంటి బిగువున చెప్పేది. మిషన్ల మీద పనిచేసే ఇద్దరూ వింటూ ఉంటారు, కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లూ వింటారు. ఇన్నేళ్లు పనిచేసినా ఈవిడకు నా కన్ను మీద నమ్మకం కుదరలేదే అని ఆమె లోపల్లోపల కుమిలిపోయేది. ఇప్పుడు ఏకంగా కోటులోనే పరీక్ష పెట్టారు. పట్టుకుంటానో లేదో చూద్దామని, అదీ మధ్యాహ్నం దర్శకుడు వచ్చి చూసుకోబోయే కోటులో!

ఆమె లోపలికి వచ్చి కోటును కోత బల్ల మీద పరిచింది. విసరలేదు, పరిచింది. కోపం వచ్చినా బట్టను విసరకూడదన్నది కూడా ఆ దుకాణంలో నేర్చుకున్నదే.

“అత్తయ్యా, ఒకసారి ఇటు చూడండి.”

అత్తగారు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని కాలరుకు తర్వాత ఊడదీసేసే కచ్చా కుట్టు వేస్తున్నారు. ఎప్పటిలాగే బూడిదరంగు బట్టలు. కొన్నేళ్ల కింద ఒక తాను మొత్తం తెప్పించుకుని, అదే గుడ్డతో పొడుగు చేతుల చొక్కాలూ, పైన వేసుకునే పల్చటి కోట్లూ అన్నీ కుట్టుకున్నారు. అప్పటి నుంచి మరో రంగు తొడగలేదు. ఆవిడ బట్టల తీరును వీధిలో అందరూ మెచ్చుకునేవారు. ఒకే రంగు, ఒకే కొలత, ఎక్కడా ఒక్క గుండీ తేడా ఉండదు, తీరు అంటే అదీ అనేవారు.

“చూస్తున్నా, చెప్పు” అన్నారు తల ఎత్తకుండా.

“ఈ ఎడమ పక్క అస్తరు కుట్టింది మీరే కదా?”

“నేను కాక ఎవరు కుడతారు? నువ్వేమో గుండీల కోసం బజారుకెళ్లి పొద్దుపోయేదాకా రాలేదాయె. ఏం, కుట్టు బాగాలేదా?”

“కుట్టుకేం, బంగారంలా ఉంది.”

“మరింకేం?”

“ఇక చాలు అత్తయ్యా” అంది కోడలు. గొంతు పెంచలేదు గానీ అందులో తడి ఉంది. “ఇక ఈ పరీక్షలు చాలు. నాకు వచ్చో రాదో ఇవాళే తేల్చేయండి. రాదంటే రాదనండి, గుండీలు కుట్టుకుంటూ కూర్చుంటా. అంతేగానీ ఇంత మంచి కోటును పాడుచేసి మరీ నన్ను పరీక్షించాలా?”

అత్తగారి సూది ఆగింది. “ఏ పరీక్ష?”

“మీకు తెలీదా?”

“తెలిస్తే అడగను కదమ్మా. కోటు ఇటివ్వు.”

ఆవిడ కోటును ఒళ్లోకి తీసుకున్నారు. చూడలేదు. చూపుడువేలి కొసతో ఎడమవైపు కుట్టు వెంట పైనుంచి కిందికి నెమ్మదిగా నడిచారు. మళ్లీ కుడివైపు నడిచారు. “నీ కుట్టు భుజం దగ్గర కాస్త బిగిసింది. నాది బిగియలేదు. ఇంతకు మించి నా వేలికేం తెలియడం లేదు. ఏమిటో నోటితో చెప్పు.”

“దారం నీలం, అత్తయ్యా.”

దుకాణంలో మిషన్లు రెండూ ఇంకా మొదలవలేదు. వీధిలో ఎవరో తలుపు తీసి చీపురు దులుపుతున్న చప్పుడు వినిపించింది. అత్తగారు వేలితొడుగు తీసి జేబులో వేసుకున్నారు, లేచారు, కోటు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లారు. వెలుగులో పైకెత్తి పట్టుకుని, నేరుగా కాకుండా తల పక్కకు వంచి, కంటి చివర నుంచి చూశారు. దగ్గరగా తెచ్చుకుని చూశారు. దూరంగా పెట్టి చూశారు. ఆవిడ అలా తల వంచి చూడటం కోడలు ఎన్నోసార్లు చూసింది. పెద్ద పనివాళ్లు అలా చూస్తారు కాబోలనుకుని, తను కూడా కొన్నాళ్లు అద్దంలో అలా చూడటం అలవాటు చేసుకోబోయింది.

“నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి” అన్నారు అత్తగారు.

బయట చినుకులు పడుతున్నాయని చెప్పినంత మామూలుగా చెప్పారు. కోడలికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కటే అడిగింది.

“ఎప్పటి నుంచి?”

“ఈ బూడిదరంగు తాను తెప్పించుకున్నాను చూడు, దానికి కాస్త ముందు నుంచి. ఒకరోజు ఆకుపచ్చ చొక్కా మీద ఏదో వేసుకుని వీధిలోకి వెళ్లాను. ఎదురింటి పిల్ల కిసుక్కున నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు తెలియలేదు. అన్నీ ఒకే రంగైతే ఏది తొడుక్కున్నా నవ్వరు కదా.”

“డాక్టరుకు చూపించారా?”

“చూపించా. లేసు కొనుక్కొస్తానని వెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చాను, నువ్వు పడీపడీ నవ్వావు, గుర్తుందా? ఆ రోజే. చూపు మధ్యలో మసక, అంచుల్లో మిగిలింది. ఉన్నది కాపాడుకో, పోయింది రాదన్నాడు.” ఆవిడ వచ్చి మళ్లీ స్టూలు మీద కూర్చున్నారు. “రంగులు ముందు పోయాయి. నీలం, నలుపు, వంకాయరంగు అన్నీ ఒక కుప్పలో పడ్డాయి. తర్వాత గీతలు పోవడం మొదలైంది.”

కోడలు బల్ల అంచు పట్టుకుంది. మనసులో ఎప్పటి మాటలో ఒకటొకటిగా లేచి వస్తున్నాయి. ఏ రంగో చెప్పు చూద్దాం. ఈ గుండీ ఆ గుండీ ఒకటేనా కాదా చెప్పు చూద్దాం. ఈ రెంటిలో ఏది కాస్త ముదురు?

“అయితే నన్ను రోజూ అడిగేవారు చూడండి, ఏ రంగో చెప్పమని...”

“తెలియకే అడిగేదాన్ని.”

“మామూలుగా అడగొచ్చు కదా అత్తయ్యా! ఇది ఏ రంగే అని అడిగితే నేను చెప్పనా?”

“చెబుతావు. చెప్పి నా మొహంలోకి చూస్తావు.” అత్తగారు మొట్టమొదటిసారి చిన్నగా నవ్వారు. “చెప్పు చూద్దాం అన్నాననుకో, మూతి ముడుచుకుని రంగు వంక చూస్తావు. నాకు కావలసింది అదే. నీ మూతి ఎంత ముడుచుకుందో నాకెలాగూ కనపడదు.”

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏడుపే ముందు వచ్చింది. ఇన్నాళ్లూ ఈవిడ తనను తక్కువ చేస్తున్నారనుకుంది. తన కన్ను మీద నమ్మకం లేదనుకుంది. తీరా చూస్తే ఆవిడ ఇన్నేళ్లూ ఈ దుకాణాన్ని కోడలి కన్ను మీదే నడిపించారు. చెప్పిన రంగును ఒక్కసారి కూడా మరొకరిని అడిగి సరిచూసుకోలేదు.

ఆ మాట తట్టగానే ఆమెకు మొన్న సాయంత్రం సంగతి గుర్తొచ్చింది. ఆమె బజారుకు బయలుదేరే ముందు ఆఖరి కాజా కుడుతోంది. అత్తగారు వెనక నుంచి రీలు ఒకటి చూపించి, “ఇది ఏ రంగో చెప్పు చూద్దాం” అన్నారు. అప్పటికి ఆ పూటకది నాలుగో పరీక్షో ఐదో పరీక్షో. ఆమె తల తిప్పను కూడా లేదు. “నలుపే అత్తయ్యా, నల్ల కోటుకు ఇంకేం ఉంటుంది” అని విసుగ్గా అనేసి బజారుకు వెళ్లిపోయింది.

“అత్తయ్యా, ఆ రీలు నేను చూడలేదు” అంది. “మొన్న చూడకుండానే నలుపని చెప్పాను. ఈ తప్పు నాది.”

“నువ్వు చూడలేదని నాకు తెలుసు.”

“తెలుసా?”

“తల వంచుకుని మాట్లాడితే గొంతు వేరేగా ఉండదూ? మళ్లీ అడగాలనుకున్నా. కానీ నీకు విసుగొచ్చిందని తెలిసిపోయింది. ఇంకోసారి అడగడానికి సిగ్గేసింది.” ఆవిడ కోటు మీద ముడత ఏదీ లేకపోయినా అరచేత్తో సవరించారు. “కాబట్టి చెరి సగం. సరే, ఏడిస్తే దారం నల్లబడదు. బ్లేడు తీసుకో. ఊడదీద్దాం.”

ఇద్దరూ ఎదురుబొదురు కూర్చుని ఎడమవైపు అస్తరు ఊడదీయడం మొదలుపెట్టారు. కోడలు పైనుంచి, అత్తగారు కిందినుంచి. అంత చక్కటి కుట్టును కోయడానికి కోడలికి చేతులు రాలేదు. అత్తగారికి మాత్రం ఆ బాధేమీ ఉన్నట్టు లేదు. తెగిన పోగులను వేలికి చుట్టి పక్కన పెడుతూ, మధ్యలో ఆగి, అసలు సంగతి ఎత్తారు.

“మధ్యాహ్నం అతను ఆ గుడ్డ తెస్తాడు.”

ఆ గుడ్డ గురించి ముందే విన్నాం. మీగడరంగు పట్టు. కోటు విప్పాక లోపల నాయిక వేసుకుని కనిపించే గౌను దాంతోనే కుట్టాలి. దాన్ని నేసిన మనిషి మగ్గం ఆపేశాడు. అలాంటిది మళ్లీ నేసేవాళ్లు లేరు. సరిగ్గా ఒక్క గౌనుకు సరిపోయే ముక్క, ఒక్క బెత్తెడు కూడా మిగలదు. దర్శకుడు దాన్ని ఏళ్ల తరబడి దాచుకుని, కోస్తే ఈవిడే కోయాలి, అదీ నా కళ్ల ముందు కోయాలి అన్నాడు.

“ఆయనకు ఏదో ఒకటి చెప్పి నేను కోస్తాను లెండి” అంది కోడలు. “మీకు చెయ్యి నొప్పిగా ఉందని చెబుదాం.”

“నా చెయ్యికేమైంది? నేనే కోస్తాను.”

“అత్తయ్యా! అది పోతే మళ్లీ దొరకదు.”

“తెలుసు.”

“గీత కనపడదని మీరే అన్నారు కదా.”

“గీత కనపడదు. గీత మీద నువ్వు కచ్చా కుట్టు వేస్తే నా వేలికి తగులుతుంది. పట్టు జారుతుంది కాబట్టి ఎలాగూ వేయాల్సిందే. ఎడం చెయ్యి కుట్టు మీద నడుస్తుంది, కుడి చెయ్యి దాని వెనకాలే వస్తుంది. మలుపుల దగ్గర నువ్వు చెప్పు.” అత్తగారు అప్పటికే అన్నీ ఆలోచించి పెట్టుకున్నారని కోడలికి అర్థమైంది. “మలుపులే నాకు కాస్త అనుమానం. చంక దగ్గర గుండ్రం తిరుగుతుంది చూడు, అక్కడ.”

“అయితే ముందు ఆయనకు చెబుదాం. చెప్పకుండా కోయడం తప్పు కదూ?”

“తప్పే. కోశాక నేనే చెబుతాను. ముందు చెబితే కత్తెర తీసేసుకుంటాడు. నేనైనా తీసేసుకుంటా.” ఆవిడ చేతిలో బ్లేడు ఆగింది. “ఒక్కసారి, అమ్మాయ్. దీని తర్వాత ఆ కత్తెర నీది. ఆఖరిది మంచి గుడ్డ కోసి దింపాలని ఉంది. ఇంకేం లేదు.”

అత్తగారు జీవితంలో ఎవరినీ ఏదీ ఇంతగా అడగగా కోడలు వినలేదు. ఆవిడ చేతి నుంచి కత్తెర లాగేసుకుంటే ఆవిడకు ఇంకేం మిగులుతుంది? లాక్కోకపోతే ఆ గుడ్డ ఏమవుతుంది? రెండూ ఆలోచిస్తూ పోగులు ఏరుతూ కూర్చుంది. బయట మబ్బు పట్టింది.

దర్శకుడు మధ్యాహ్నం వస్తానన్నవాడు పొద్దున్నే దిగబడ్డాడు.

వీధిలో అతన్ని ఇస్త్రీ బాబు అంటారు. అతని చొక్కా మీద ముడత చూసినవాళ్లు ఇప్పటిదాకా ఎవరూ లేరు. ఎండాకాలమైనా చేతుల గుండీలు పెట్టుకునే ఉంటాడు. ఇవాళ ఆకురంగు చొక్కా, దానికంటే ఒక్క పిసరు ముదురు ప్యాంటు, బూట్ల లేసులు ప్యాంటుకు సరిపోయేవి. చంకలో తెల్ల గుడ్డలో చుట్టిన మూట. మూటను బల్ల మీద పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టి, అప్పుడు కోటు వంక చూశాడు. ఎడమవైపు సగం ఊడదీసి ఉంది. సగం నీలం దారంతో ఉంది.

కోడలు చేతిలోని పోగులను గుప్పిట్లో మూసుకుంది.

అతను వంగి చూశాడు. కోటును దీపం కిందికి తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. “ఎవరిదీ ఆలోచన?” అన్నాడు.

“ఆలోచనా?”

“ఈ నీలం. దీపం ఒక్కటే పడినప్పుడు ఈ అంచు సన్నగా పలుకుతుంది. చూసేవాడికి ఏమిటో తెలీదు గానీ ఏదో ఉందని తెలుస్తుంది. చాలా బాగుంది. ఎందుకు తీసేస్తున్నారు? ఉంచేయండమ్మా!”

కోడలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అవునండీ, మా ఆలోచనే అని ఒక్క మాట అంటే గండం గడిచిపోతుంది. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా.

“అది ఆలోచన కాదు బాబూ, తప్పు” అన్నారు అత్తగారు. “పొరపాటున పడిన దారం. ఎడమవైపు కుట్టింది నేనే.”

“తప్పయితేనేం, అందంగా ఉంది కదా.”

“ఇవాళ తప్పు బాగుందని ఉంచేస్తే రేపు ఏది తప్పో నాకే తెలియకుండా పోతుంది. మీకు నీలమే నచ్చిందనుకోండి, రెండువైపులా ఊడదీసి మొదట్నుంచీ నీలంతో కుట్టి ఇస్తాం. అప్పుడది ఆలోచన అవుతుంది. సగం సగం మాత్రం నా దుకాణం గడప దాటదు.”

ఇస్త్రీ బాబు నవ్వాడు. “సరే, నీలమే కుట్టండి.” తర్వాత నవ్వు ఆగిపోయింది. “మీరా? రంగులో పొరపాటు చేశారా?” అన్నాడు నెమ్మదిగా. “నా కోటు నలుపూ ప్యాంటు నలుపూ కలవలేదని నడివీధిలో నన్ను ఆపి ఇంటికి పంపించారు మీరు.”

“వయసు” అన్నారు అత్తగారు.

అతను మరేమీ అనలేదు. అనకపోవడమే కోడలికి నచ్చలేదు. రంగస్థలం మీద వెనక వరసలో నిలబడినవాడి గుండీ ఊడిందని కూడా కనిపెట్టే మనిషి, ఊరికే ఊరుకున్నాడంటే ఏదో చూస్తున్నాడన్నమాటే.

మూట విప్పారు. మీగడరంగు పట్టు బల్లంతా పరుచుకుంది. మబ్బు వల్ల కిటికీ వెలుగు చాలక బల్ల మీద వేలాడే దీపం కిందికి దించారు. కోడలు కొలతలు చూసుకుని, సుద్దతో గీతలు గీసి, ఆ గీతల వెంట సన్నటి దారంతో కచ్చా కుట్టు వేసుకుంటూ పోయింది. ఇస్త్రీ బాబు గోడకు చేరగిలబడి చూస్తున్నాడు.

“గీత చాలదా?”

“పట్టు కదా సార్, జారుతుంది. కుట్టు ఉంటే కత్తెర తడబడదు.”

అది నిజమే. నిజమంతా మాత్రం కాదు. చెబుతున్నప్పుడు ఆమె చెవులు వేడెక్కాయి.

కుట్టు పూర్తయింది. కత్తెర బల్ల మీద ఇద్దరికీ మధ్యన ఉంది. అత్తగారు చెయ్యి చాచి, అరచెయ్యి పైకి పెట్టి ఊరుకున్నారు. తీసుకోలేదు. ఇమ్మని అడగనూ లేదు. కోడలికి తను మొదటిసారి కోసిన రోజు గుర్తొచ్చింది. ఖరీదైన ఊలు బట్ట, ఎవరిదో పెళ్లికొడుకుది. ఆమె చేతిలో కత్తెర పెట్టి అత్తగారు వెనక నిలబడి చేతులు కట్టుకున్నారు. పాడవుతుందేమో అని ఆమె అంటే, పాడైతే కొనిస్తాం, కోయి అన్నారు. కోసినంతసేపూ ఆవిడ చేతులు విప్పలేదు.

ఈ గుడ్డను కొనివ్వలేరు. అయినా కోడలు కత్తెర తీసి, పిడి అటువైపు తిప్పి, ఆవిడ అరచేతిలో పెట్టింది.

అత్తగారి ఎడమ చూపుడువేలు కుట్టును వెతికి పట్టుకుంది. కత్తెర గుడ్డలోకి దిగింది. పట్టు తెగే చప్పుడు దుకాణంలో అందరికీ తెలుసు. అది అడ్డదిడ్డంగా ఉంటే ఒకలా ఉంటుంది, తిన్నగా ఉంటే ఇంకోలా ఉంటుంది. మిషన్ల మీది ఇద్దరూ తొక్కడం ఆపి వింటున్నారు.

“అమ్మాయ్, మలుపు ఎక్కడ మొదలవుతుందో చెప్పు చూద్దాం.”

“మీ వేలికి బెత్తెడు ముందు, అత్తయ్యా. కుడిచేతి వైపు మెల్లగా తిరుగుతుంది. నడుము దగ్గర లోపలికి నొక్కుతుంది, మళ్లీ బయటికొస్తుంది.”

ఏ జవాబైనా ఆమె ఇంత వివరంగా, ఇంత కుదురుగా ఎప్పుడూ చెప్పలేదు. ప్రతి మలుపుకూ అత్తగారు అడిగారు. ప్రతిసారీ ఆమె కళ్లు బల్ల మీదే పెట్టి, చూసి, సరిచూసుకుని చెప్పింది. వెనక భాగం గుడ్డలోంచి విడివడి వచ్చింది. ఇస్త్రీ బాబు దగ్గరికి వచ్చి అంచును దీపానికి పట్టి చూశాడు. ఎక్కడా ఒక్క పోగు లేవలేదు. మెచ్చుకోలుగా తల ఊపాడు కూడా. కోడలికి కాస్త ధైర్యం వచ్చింది. ఆ మాటకొస్తే గర్వం కూడా వచ్చింది.

ముందు భాగం మొదలైంది. పక్క అంచు అయింది. కత్తెర చంక గుండ్రం దగ్గరికి చేరింది. వెనక భాగంలో కంటే ఇక్కడ గుండ్రం లోతుగా తిరుగుతుంది, అత్తగారికి అనుమానమున్న చోటు అదే. అక్కడ ఒక్క నూలుపోగంత అటూ ఇటూ అయినా చెయ్యి ఎత్తినప్పుడల్లా గౌను మొత్తం పైకి లేస్తుంది. మళ్లీ సరిచేయడానికి గుడ్డ లేదు.

“అమ్మాయ్, గుండ్రం ఎక్కడ...”

అప్పుడే ఇస్త్రీ బాబు చెయ్యి చాచి దీపం ఆర్పేశాడు.

మబ్బు వెలుగులో బల్ల బూడిదరంగుకు తిరిగిపోయింది. మీగడరంగు గుడ్డ మీద కుట్టు ఎక్కడుందో కోడలికే కనిపించలేదు. అత్తగారి కత్తెర మాత్రం ఆగలేదు. అదే నిదానంతో, అదే చప్పుడుతో గుండ్రం అంచు దాకా తిన్నగా వెళ్లింది. కోడలు దర్శకుడి వంక చూసింది. అతను కత్తెర వంక చూడటం లేదు. అత్తగారి కళ్ల వంక చూస్తున్నాడు.

కత్తెర గుండ్రం మొదట్లో దానంతట అది నిలిచింది.

“దీపం ఆర్పేశారేం బాబూ?” అన్నారు అత్తగారు. గొంతులో తొణుకూ బెణుకూ లేదు. “చేతి మీద వెచ్చదనం పోయింది. పరీక్షలు పెట్టడం నాకూ వచ్చు. మీరేదైనా అడగదలచుకుంటే నోటితో అడగండి.”

ఇస్త్రీ బాబు మళ్లీ దీపం వేశాడు. కోపంగా ఉన్నాడో లేదో అతని మొహంలో తెలియలేదు. స్టూలు లాక్కుని బల్లకు ఎదురుగా కూర్చుని, చేతి గుండీ ఒకటి ఊడకపోయినా సవరించుకున్నాడు.

“అడుగుతానమ్మా. కానీ మిమ్మల్ని కాదు.”

కోడలి వైపు తిరిగాడు.

“అబద్ధం చెప్పొద్దు. నేనేమీ అనుకోను, ఏం చెప్పినా వింటాను. ఈ గుడ్డ నాది కాదు, నీదే అనుకో. ఇప్పుడు, ఇక్కడి నుంచి, ఈ కత్తెర ఎవరి చేతిలో ఉండాలంటావు?”

కత్తెర గుడ్డలోనే నోరు తెరుచుకుని ఉంది. అత్తగారు దాన్ని బయటికి తీయలేదు, ముందుకూ నడపలేదు. తల కొంచెం పక్కకు వంచి, కంటి చివర నుంచి కోడలి మొహం వెతుకుతూ, జవాబు కోసం ఆగారు.